లేని తాతగారి తద్దినం

మా అమ్మమ్మ విజయవాడ బస్టాండులో విధవ అయింది. అప్పుడామెకు అరవై ఎనిమిదేళ్ళు, నేను ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఆ ఏటి వానలకు ఊళ్ళో పెంకుటింటి గోడ పడిపోయి, ఇక ఒంటరిగా ఉండే వీల్లేక మా ఇంటికి వచ్చేసింది. అవనిగడ్డ బస్సు దిగి, ట్రంకుపెట్టె ఒకటి, గోనెసంచి ఒకటి పక్కన పెట్టుకుని నిలబడింది. మా అమ్మ ఆమెను మంచినీళ్ళ కుళాయి దగ్గరికి తీసుకువెళ్ళి, తన కొంగు చివర తడిపి చేతికిచ్చి, బొట్టు తుడుచుకోమంది.

అది చిన్న బొట్టు కాదు. రూపాయి బిళ్ళంత గుండ్రంగా, తడి కుంకుమతో అద్దినట్టు ఉండేది. అమ్మమ్మ కొంగు అందుకోలేదు.

"ఎవరు పోయారే?" అంది.

"నాన్న."

"ఏ నాన్న?"

"స్కూలు మాస్టారు. ఇక్కడ అందరికీ అలాగే చెప్పానమ్మా."

అమ్మమ్మ అడిగింది. "ఎప్పుడు పోయాడు?"

"నా చిన్నప్పుడే. గుండెపోటు."

"అయితే నాకీపాటికి అలవాటైపోయి ఉండాలి" అని, కొంగు అందుకుని నుదురు తుడుచుకుంది.

నేను పకపకా నవ్వాను. అమ్మ నవ్వలేదు. ఆటోలో కూర్చున్న దగ్గర్నుంచీ అమ్మమ్మ చేతి గాజులు ఒక్కొక్కటే తీయిస్తూ వచ్చింది. బెంజి సర్కిల్ దాటేసరికి రెండు చేతులూ బోసిగా అయ్యాయి. మెడలో పసుపుతాడు ఇంటికి వెళ్ళాక ట్రంకుపెట్టె అడుగుకి చేరింది.

మా అమ్మమ్మ దివిసీమలో ఒక ఊళ్ళో వేణుగోపాలస్వామి గుడికి ఇచ్చిన మనిషి. కళావంతుల ఇంటి పిల్ల. పదకొండో ఏట గజ్జెపూజ చేసి, స్వామికిచ్చి పెళ్ళి చేశారు. హారతి వేళ పాడటం, ఉత్సవాల్లో పల్లకి ముందు ఆడటం ఆమె పని. ఆమెకు ఇరవై రెండేళ్ళప్పుడు, ఆడవాళ్ళను గుడికి ఇవ్వడం, గుడిలో ఆడించడం నేరమని చట్టం వచ్చింది. ఆ తర్వాత ఆమె అందరిలాగే గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టుకోవచ్చు గానీ కాలు కదపడానికి వీల్లేదు. "మంచిదే అయింది, మోకాళ్ళు మిగిలాయి" అనేది. నిజంగా అన్నదో, బింకానికి అన్నదో నాకు తెలియదు. అడిగితే ఇంకో మాట చెప్పేది.

దేవుణ్ణి పెళ్ళాడిన ఆడదానికి మొగుడు చావడు. కాబట్టి బొట్టు తీసే పని ఉండదు. ఊళ్ళో ఒక పెద్ద రైతు ఆమె ఇంటికి వస్తూ పోతూ ఉండేవాడు, మా అమ్మ ఆయన కూతురు. ఆయన పోయిన రోజు ఆయన భార్య గాజులు పగలగొట్టారు. మా అమ్మమ్మ ఎప్పటిలాగే బొట్టుతోనే గుడికి వెళ్ళింది. ఊళ్ళో ఎవరూ దాన్ని తప్పు పట్టలేదు. ఆమె గురించి అనడానికి వాళ్ళకు వేరే మాటలు ఉండేవి, అవి రోజూ అనేవాళ్ళు.

మా అమ్మ ఆ మాటలు వింటూ పెరిగింది. బళ్ళో వేసినప్పుడు తండ్రి పేరు రాయాల్సిన చోట హెడ్మాస్టరు గీత గీశాడట. హాజరు పిలిచిన ప్రతిసారీ ఆ గీత తన నెత్తిమీద ఉన్నట్టే అనిపించేదని ఒకసారి చెప్పింది. బందరులో హాస్టల్లో ఉండి చదివి, ట్రైనింగ్ పూర్తిచేసి, విజయవాడలో టీచరు ఉద్యోగం తెచ్చుకుంది. మా నాన్నను తానే చూసుకుని చేసుకుంది. ఆయనకు ఆటోనగర్లో లారీల కింద బిగించే కమాన్‌కట్టల షాపు ఉండేది. తెనాలి వైపు నుంచి వచ్చిన, వెనకాముందూ ఎవరూ లేని మనిషి. అన్నీ తెలిసే చేసుకున్నాడు, ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆ ప్రస్తావన తేలేదు. మా సర్టిఫికెట్లలో కులం ఆయనదే.

ఉద్యోగం కాగితాల్లో తండ్రి పేరు అడిగినప్పుడు అమ్మ ఒక పేరు అనుకుని రాసేసింది. వృత్తి ఉపాధ్యాయుడు. చనిపోయారు. బతికున్న తండ్రి అయితే ఎక్కడుంటారు, ఎప్పుడొస్తారు అని అడుగుతారు. చనిపోయినవాడయితే అయ్యో పాపం అని ఊరుకుంటారు. తెలివైన ఏర్పాటే. అందులో ఉన్న పొరపాటు మాత్రం అమ్మకు చాలా ఏళ్ళ దాకా తట్టలేదు. తండ్రిని చంపేస్తే తల్లి విధవ కావాలి కదా. తల్లి ఊళ్ళో ఉన్నంత కాలం పరవాలేదు, ఇక్కడికి వచ్చి పడేసరికి ఆ లెక్క ఆవిడ నుదుటి మీద తేల్చాల్సి వచ్చింది.

పటమటలో ఒక మేడ కింది వాటాలో అద్దెకుండేవాళ్ళం. పైన ఇంటి ఓనరుగారు ఉండేవారు. ఆయన ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేవారు కాదు, ఆ లోటు ఆయన భార్య తీర్చేది. ఆవిణ్ణి నేను ఆంటీ అనేదాన్ని. అమ్మమ్మ వచ్చిన సాయంత్రమే ఆంటీ గిన్నెలో సున్నుండలు పట్టుకుని కిందికి దిగింది. మంచి మనిషే. ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలియకపోతే మాత్రం ఆవిడకు అన్నం సహించేది కాదు.

"పిన్నిగారూ, మాస్టారుగారు ఏ సబ్జెక్టు చెప్పేవారండీ?" అని అడిగింది.

అమ్మ చేతిలో కాఫీ గ్లాసు ఆగిపోయింది. ఆ సంగతి ఆమె ఎప్పుడూ ఆలోచించుకోలేదు.

"లెక్కలమ్మా" అంది అమ్మమ్మ, తడుముకోకుండా. "కోపం జాస్తి. పిల్లలు హడిలి చచ్చేవాళ్ళు. ఇంట్లో మాత్రం నోరెత్తేవారు కాదు." తల వంచుకుని చిన్న నిట్టూర్పు విడిచింది. ఆంటీ కళ్ళు చెమర్చాయి.

ఆ రోజు నుంచీ తాతగారు పెరగడం మొదలుపెట్టారు. ఆయనకు గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ ఉండాలి. కాఫీ చల్లారితే ముట్టరు. కండువా ఎడమ భుజం మీదే వేసుకుంటారు. సైకిలు తొక్కడం రాదు, ఎక్కడికైనా నడకే. ఇవన్నీ అమ్మమ్మ ఆంటీకి చెప్పడం, తర్వాత నేనూ ఆమే వంటింట్లో కూర్చుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకోవడం. ఆయన నడక కూడా నడిచి చూపించేది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి రెండడుగులు వేస్తే వంటింట్లో నడివయసు మాస్టారు కనపడేవాడు. నాకు సొంత తాత ముఖం తెలియదు గానీ ఈయన్ని ఎక్కడ చూసినా గుర్తుపట్టగలను.

బొట్టు తీసిన చోట మొదట్లో గుండ్రంగా తెల్లటి మచ్చ ఉండేది. ఎండ ఎప్పుడూ తగలని చర్మం. దాని మీద విభూతి రాసుకునేది. నాలుగైదు నెలలకు మచ్చ మిగతా నుదుటిలో కలిసిపోయింది.

మొదటి ఏడాది కార్తీకమాసం వచ్చేసరికి ఆంటీకి కొత్త సందేహం వచ్చింది. మాస్టారుగారి తద్దినం ఎప్పుడు? ఈ సంగతీ అమ్మ ఆలోచించుకోలేదు. నాకు అన్నదమ్ములెవరూ లేరండీ, మేం పెట్టలేం కదా, ఎవరైనా బ్రాహ్మణుడికి స్వయంపాకం ఇస్తాం అని ఏదో సర్దబోయింది. తిథి ఏమిటని ఆంటీ వదల్లేదు. అమ్మమ్మ అందుకుని, పౌర్ణమి వెళ్ళిన నాలుగో రోజని చెప్పింది.

ఆంటీ వెళ్ళాక అడిగాను. "మా అసలు తాత పోయిన రోజా అమ్మమ్మా అది?"

"ఛ. ఆయనకి పెట్టుకోడానికి పెళ్ళాం, కొడుకులు లేరూ? ఆయన రోజు నేను దొంగిలించడమెందుకు?" అంది. "ఏదో ఒక రోజు. కార్తీకమైతే ఎలాగూ అందరూ ఉపవాసాలుంటారు, కష్టం తెలీదు."

అలా లేని తాతగారికి తద్దినం మొదలైంది. బియ్యం, పప్పు, కూరలు, నెయ్యి ఒక పళ్ళెంలో పెట్టుకుని మా వీధి చివర గుడి పూజారిగారికి అమ్మమ్మే స్వయంగా ఇచ్చి వచ్చేది. ఆయన గోత్రం అడిగితే తడబడకుండా చెప్పింది. ఎవరి గోత్రమో, ఎక్కడ విన్నదో. ఆ రోజు సాయంత్రం దాకా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఆంటీ మెట్ల మీదుగా ఎన్నిసార్లు తొంగి చూసినా ఆమె దిగులుగానే కనిపించింది. ఆ రోజు ఆమెకు మంచి పాత్ర దొరికిందని నాకనిపించింది.

మూడో ఏడు ఆ రోజుకి ఆంటీవాళ్ళు తిరుపతి వెళ్ళారు. పైన తాళం. నేను అమ్మమ్మ దగ్గరికి ఇడ్లీ పళ్ళెం తీసుకువెళ్ళాను. "ఆంటీ లేదుగా, తినేయ్" అన్నాను.

"నోరు ముయ్యి. ఇవాళ ఏం రోజనుకున్నావు?" అంది.

తమాషాకి అందనుకున్నాను. పళ్ళెం అక్కడే పెట్టి కాలేజీకి వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి ఇడ్లీలు ఎండిపోయి అలాగే ఉన్నాయి. అప్పుడైనా నాకు అర్థం కావలసింది. డిగ్రీ చదువుతున్నానన్న మాటే గానీ ఆ వయసులో నాకు నా సంగతులే తప్ప వేరేవి పట్టేవి కావు.

నెమ్మదిగా మరికొన్ని జరిగాయి. మా వీధిలోకి గాజులు అమ్మే ముస్లిం ఆవిడ ఒకరు కొత్తగా రావడం మొదలుపెట్టింది. సంగతి తెలియక అమ్మమ్మ మణికట్టు పట్టుకుని కొలత చూడబోయింది. అమ్మమ్మ నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కుంది. పొద్దున్నే మా నాన్న షాపుకి బయల్దేరుతుంటే ఎదురు రాకుండా వంటింట్లోకి తప్పుకునేది. నాన్నకు అలాంటి పట్టింపులు లేవు. "అత్తయ్యా, మీరు నా ఎదురుగా రండి, ఏమీ కాదు" అని పిలిచేవాడు. ఆయన బండి శబ్దం వీధి మలుపు తిరిగేదాకా ఆమె బయటికి వచ్చేది కాదు.

ఆ రోజుల్లోనే ఆంటీ మనవరాలు డాన్సు నేర్చుకోవడం మొదలుపెట్టింది. మెడికల్ షాపు పైన హాల్లో ఒక మేష్టారు కూచిపూడి నేర్పేవారు, వారానికి మూడు రోజులు. చుట్టుపక్కల డాక్టర్ల పిల్లలు, ఇంజనీర్ల పిల్లలు అందరూ వచ్చేవారు. ఒక దసరాకి గుడి మండపంలో ఆ పిల్లల కార్యక్రమం పెట్టారు. ఆంటీ మమ్మల్ని వెంటబెట్టుకుని తీసుకువెళ్ళింది. అమ్మమ్మ ముందు వరసలో కూర్చోనని వెనక్కి, స్తంభం పక్కకు వెళ్ళింది. నేనూ అక్కడే కూర్చున్నాను.

"పూర్వం ఇదంతా చెడ్డ ఆడవాళ్ళ చేతుల్లో ఉండేదట పిన్నిగారూ. ఇప్పుడు మంచి ఇళ్ళ పిల్లలు నేర్చుకుంటున్నారు కాబట్టి బాగుపడింది" అంది ఆంటీ, వెనక్కి తిరిగి.

"అవునమ్మా, మంచిదే కదా" అంది అమ్మమ్మ.

నాకు ఒళ్ళు మండిపోయింది. దేవుడి ముందు ఆడినందుకు ఒకరు నోరు మూసుకుని స్తంభం చాటున కూర్చోవాలి, ఇంకొకరికి అదే దేవుడి ముందు అదే ఆటకు శాలువా కప్పుతారు. ఇంటికి నడుస్తూ దారిలో ఆ మాటే అన్నాను. అమ్మమ్మ ఏమీ పట్టించుకోలేదు. "ఆ పిల్లకి కాలు బాగుంది. కన్నే కదలట్లేదు. పాపం, ఎవరూ చెప్పలేదు కాబోలు" అంది.

చాలా ఏళ్ళ తర్వాత, రెండు వేల సంవత్సరం దాటాక, అమ్మమ్మ పోయాక, యూనివర్సిటీ నుంచి ఒకావిడ టేప్‌రికార్డర్ తీసుకుని మా అమ్మను వెతుక్కుంటూ వచ్చింది. గుళ్ళలో ఆడిన ఆడవాళ్ళ పాటలు, పద్ధతులు సేకరిస్తోందట. ఎంతో గౌరవంగా మాట్లాడింది. వాళ్ళ వల్లే ఈ కళ బతికిందని, మీలాంటి వారసులను కలవడం అదృష్టమని అంది. మా అమ్మ ఆవిడకు మజ్జిగ ఇచ్చి, "మీరు పొరపాటు పడ్డారండీ, మా నాన్నగారు లెక్కల మాస్టారు" అని చెప్పి పంపించింది.

మళ్ళీ వెనక్కి వస్తాను. నాకు ఇరవై రెండో ఏట సంబంధం కుదిరింది. అబ్బాయి బ్యాంకులో క్లర్కు. వాళ్ళది మంగళగిరి, చేనేత చీరల వ్యాపారం. మాటలకు వచ్చినప్పుడు వాళ్ళ నాయనమ్మ కూడా వచ్చింది. ఎనభై ఏళ్ళ మనిషి, వినపడేలా మాట్లాడే అలవాటు. అమ్మమ్మ వాళ్ళు రాకముందే వెనక గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. ఎవరూ వెళ్ళమనలేదు.

ముహూర్తం, భోజనాలు అన్నీ మాట్లాడుకున్నాక నాయనమ్మ అడిగింది. "నల్లపూసలు ఎవరిచేత గుచ్చిస్తారమ్మా?"

"ఎవరో ఒక పెద్ద ముత్తైదువ చేతనండీ" అంది అమ్మ.

"మా పెళ్ళిళ్ళప్పుడు గుళ్ళో ఆడే ఆవిణ్ణి పిలిపించేవాళ్ళమ్మా. మా పుట్టిల్లు మొవ్వ దగ్గర. బండి కట్టి పంపించి తీసుకొచ్చేవాళ్ళు. పీటేసి కూర్చోబెట్టి, కొత్త చీర పెట్టి, ఆవిడ చేత గుచ్చించేవాళ్ళు. ఆవిడకి వైధవ్యం లేదుగా, అందుకని. నావీ అలా గుచ్చినవే. ఇదిగో, మా ఆయన ఇప్పటికీ అరుగు మీద కూర్చుని నన్ను తిడుతూనే ఉన్నారు."

అందరూ నవ్వారు. అబ్బాయి తల్లి మాత్రం ఇబ్బంది పడింది. "ఊరుకోండి అత్తయ్యా. శుభమా అని మాట్లాడుకుంటుంటే భోగంవాళ్ళ సంగతులెందుకు?"

"భోగమైతేనేం? మీ అందరికన్నా శుభమైన మనిషి" అంది ముసలావిడ.

అమ్మ చూపు వెనక గది తలుపు మీదికి పోయింది. ఎందుకంటే అది అచ్చంగా మా అమ్మమ్మ పని. గుడిలో ఆట ఆగిపోయినా పెళ్ళిళ్ళకు పిలుపులు చాలా ఏళ్ళు ఆగలేదు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఏ పెద్ద ఇంట్లో పెళ్ళయినా నల్లపూసలు గుచ్చడానికి ఆమే వెళ్ళేది. పీట మీద కూర్చోబెట్టి గుచ్చించుకునేవాళ్ళు, భోజనాల వేళకు మాత్రం బంతిలో కూర్చోబెట్టకుండా విస్తరి కట్టి చేతికిచ్చేవాళ్ళు. ఇదంతా ఆమే నాకు చెప్పింది. ఇప్పుడు ఆ మనిషి మూడడుగుల దూరంలో తలుపు వెనక కూర్చుని ఉంది.

పెళ్ళివాళ్ళు వెళ్ళాక లోపలికి వెళ్ళాను. "విన్నావా?" అన్నాను.

"వినపడకుండా ఉంటుందా ఆ గొంతుకి? మంచిది ముసలావిడ. నీకు ఆవిడ దగ్గర జరుగుతుందిలే" అంది. ఆ వెంటనే, "పూసలు ఎక్కడ కొంటున్నారు? సమంగా ఉండేట్టు చూడమను మీ అమ్మని. ఒకటి లావు, ఒకటి సన్నం ఉంటే వేలికి తెలుస్తుంది" అంది.

ఆ మాటతో నేను నిశ్చయించుకున్నాను. నా నల్లపూసలు అమ్మమ్మే గుచ్చాలి. ఊరందరి ఆడపిల్లలకు పనికొచ్చిన చెయ్యి నాకు పనికిరాకుండా పోవడం నేను ఒప్పుకోను. అమ్మతో ఆ సాయంత్రమే చెప్పాను.

"మతిపోయిందా?" అంది అమ్మ. "పెళ్ళివాళ్ళకి తెలిస్తే?"

"తలుపేసుకుని గుచ్చుతుంది. ఎవరు చూస్తారు?"

"పై ఆవిడ?"

"నువ్వే గుచ్చావని చెప్పు. నీకు చెప్పడం కొత్తా?"

అనకూడని మాట అన్నానని అనగానే తెలిసింది. అమ్మ కోప్పడలేదు. "నీ కాగితాలన్నీ నిండుగా ఉన్నాయి. గీతలేమీ లేవు" అంది మెల్లగా. "అవి ఎలా నిండాయో మీ అమ్మమ్మ నుదురు చూస్తే తెలుస్తుంది. నాకు తెలీదనుకున్నావా? రోజూ అన్నం పెట్టేటప్పుడు చూస్తూనే ఉన్నానుగా." అని లేచి వెళ్ళిపోయింది. రెండు వారాల పాటు మేమిద్దరం పెళ్ళి పనుల గురించి తప్ప వేరే మాట మాట్లాడుకోలేదు.

పెళ్ళికి ముందు రోజు మధ్యాహ్నం, నాన్న షామియానా వాళ్ళతో బయటికి వెళ్ళినప్పుడు, అమ్మ నన్ను లోపలి గదిలోకి పిలిచింది. వెళ్ళి చూశాను. గది మధ్యలో పసుపు రాసిన పీట. పక్కన పళ్ళెంలో నల్లపూసలు, రెండు పగడాలు, పసుపు పట్టించిన దారం, పుస్తెలు. ఇంకో పళ్ళెంలో కొత్త నేత చీర, పువ్వులు, డజను గాజులు, కుంకుమ భరిణె. పూర్వం ఆ ఊళ్ళలో పెద్ద ఇళ్ళవాళ్ళు ఎలా పెట్టేవాళ్ళో అలాగే పెట్టింది. చిన్నప్పుడు తల్లి వెంట వెళ్ళి చూసే ఉంటుంది. కిటికీ తలుపులు మూసి, అమ్మమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, గడియ వేసింది.

"కూర్చో అమ్మా" అంది. "బొట్టు పెట్టుకో. గుచ్చు."

అమ్మమ్మ పీట వంక చూసింది. "నేనా?"

"నువ్వు కాక ఇంకెవరు?"

"ముత్తైదువలు లేరా?"

"నువ్వే ముత్తైదువ్వి" అంది అమ్మ. ఆ మాట ఆమె నోట నేను మొదటిసారి విన్నాను. "స్వామికిచ్చిన మనిషివి. నీకా బొట్టు తీసే రాత లేదు. నేనే తీయించాను. తప్పు నాది."

"అది అప్పటి మాట. మాస్టారు పోయాక ఇంకా..."

"అమ్మా, మాస్టారెవరు? ఆయన లేడు. నేను కాగితం మీద రాసిన మనిషి."

"రాసింది నువ్వే, కాదనను" అంది అమ్మమ్మ. గొంతులో కోపం లేదు, చిన్నపిల్లకు నచ్చచెబుతున్నట్టు మాట్లాడింది. "ఉపవాసాలు ఎవరున్నారు? ఏటేటా ఆయన పేరు చెప్పి స్వయంపాకం ఎవరిచ్చారు? ఆరేళ్ళనుంచి ఒక్క పేరంటానికి నేను ముందుకి రాలేదు. పై వాళ్ళ పిల్ల ఓణీల ఫంక్షనుకి కూడా వెనక గదిలో కూర్చున్నాను. ఊళ్ళోవాళ్ళ పిల్లల దగ్గర విధవనై తప్పుకుని, నా పిల్ల దగ్గరికొచ్చేసరికి కాదని ముందుకొస్తానా? దానికేమైనా అయితే?"

"నాకేం కాదు అమ్మమ్మా. నాకు నువ్వే గుచ్చాలి" అన్నాను. ఏడుపు వచ్చేసింది.

"నీకు తెలీదు తల్లీ." రెండు చేతులూ కొంగు కిందికి తీసుకుంది, పూసలు ఎక్కడ తగులుతాయోనన్నట్టు. "ఎన్ని తాళ్ళు గుచ్చానో ఈ చేత్తో. ఇది ఎప్పుడు పనికొస్తుందో, ఎప్పుడు పనికిరాదో నాకు తెలిసినంత మీకు తెలీదు."

అమ్మ భరిణె తెరిచి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అమ్మమ్మ ఆమెను దాటి వెళ్ళి గడియ తీసింది. మెట్ల దగ్గర నిలబడి పైకి కేకేసింది. "అమ్మాయ్, ఒక్కసారి కిందికి వస్తావా? పిల్ల నల్లపూసలు గుచ్చాలి. కాళ్ళు కడుక్కుని రా." ఆ తర్వాత పెరటి వైపు వెళ్ళిపోయింది.

ఆంటీ పట్టుచీర కట్టుకుని దిగింది. తనను పిలిచినందుకు ఎంతో మురిసిపోయింది. పీట మీద కూర్చుని పూసలు గుచ్చింది, ముళ్ళు వేసింది, నాకూ అమ్మకూ బొట్టు పెట్టింది. కొత్త చీర తనకే అనుకుని కళ్ళకద్దుకుని తీసుకుంది. లేవబోతూ చుట్టూ చూసి, "పిన్నిగారేరీ?" అని అడిగింది.

"పెరట్లో ఉన్నారండీ" అన్నాను.

"పాపం, ఎంత పద్ధతి తెలిసిన మనిషో" అని పైకి వెళ్ళింది.

అమ్మ గోడకు ఆనుకుని నేల మీద కూలబడింది. ఆమె ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు. చాలాసేపటికి తలెత్తి నా వంక చూసింది.

"నటిస్తోందేమోనే" అంది. "ఆవిడకి చేతకాని పాత్ర ఉందా? ఇన్నేళ్ళూ నేను చేసినదానికి నాకు ఆడి చూపిస్తోంది. అంతేనా? నిజంగా అనుకోవట్లేదుగా?"

నేను లేచి కిటికీ తలుపు ఓరగా తీశాను. పెరట్లో అమ్మమ్మ శుభం జరిగే గది వైపు చూపు పడకుండా ప్రహరీగోడ వైపు తిరిగి, ఒళ్ళో చేతులు ముడుచుకుని కూర్చుని ఉంది. ఆమెకు ఎదురుగా చూసేవాళ్ళు ఎవరూ లేరు.

"అవునమ్మా, నటిస్తోంది" అన్నాను.